దారం దాటిన పేరు

కుంకుడుకాయ రుచి మీకు తెలియకపోవచ్చు. అది తలకు పెట్టుకునేదే గాని నోట్లో పెట్టుకునేది కాదు. నేను మాత్రం ఇరవై రెండేళ్లు వచ్చేదాకా దాన్ని దవడలో పెట్టుకుని బతికాను. గింజ తీసిన తొక్క ఒకటి బుగ్గలో దాచి, సమయం చూసి రెండుసార్లు నమిలితే నోటి నిండా నురగ వస్తుంది. ఆ నురగ చూసి జనం రెండడుగులు వెనక్కి జరిగేవారు. కొందరు దండం పెట్టేవారు. ఆ చేదు గొంతులోకి దిగి మరునాటి దాకా ఏం తిన్నా నాకు వాంతికి వచ్చేది. ఇప్పటికీ ఇంట్లో ఎవరైనా కుంకుళ్లు నానేస్తే నేను బయటికి వెళ్లిపోతాను.

మా బాపు కాశయ్య దయ్యాలు వదిలించేవాడు, బాణామతి తీసేవాడు. మనిషి మంచాన పడినా, బర్రె పాలు ఇవ్వకపోయినా గిట్టనివాళ్లు ఎవరో మంత్రం పెట్టారనేవారు మా వైపు. ఎవరు పెట్టారో చెప్పడమే మా పని. బాపు పసుపునీళ్లలో తడిపిన దారం ఒక కొస రోగి మణికట్టుకు, ఇంకో కొస నా మణికట్టుకు కట్టేవాడు. రోగిలో దూరినది దారం మీదుగా నడిచి నాలోకి వస్తుందని, వచ్చి నా నోటితో పేరు చెబుతుందని అనేవాడు. నేను ఊగి, నురగ కక్కి, పేరు చెప్పేవాణ్ని.

ఆ దారం తడిపేది మా అవ్వ దేవవ్వ, నన్ను కన్నతల్లి. ఆమెకు మా ఆట మొత్తం కంఠతా వచ్చు. ఇంట్లో సాధన చేసేటప్పుడు చూరు కింద కూర్చుని చింతపండు గింజలు తీస్తూ నన్ను దిద్దేది.

"మెడ గంత తిప్పకు దశరథం. మెడ గాదు, నడుము ఊగాలె. మొన్న నవ్వు ఆపుకున్నవట, మీ బాపు చెప్పిండు."

ఇదంతా బాపు అంటే భయంతో చేశానని చెబితే నాకు సుఖంగా ఉంటుంది. కానీ అది అబద్ధం. బండి ఎక్కాక ఆయన నా వీపు మీద చెయ్యి వేసి "మంచిగ చేసినవ్ కొడుకా" అనేవాడు. ఆ ఒక్క మాట కోసం చేశాను. తలుచుకుంటే నా మీద నాకే ఉమ్మేయాలనిపిస్తుంది.

నేను చెప్పబోయేది అరవై తొమ్మిది తెలంగాణ లొల్లి మొదలవడానికి ముందు సంవత్సరం చెరుకు సీజను సంగతి. చందూరులో మా ఇంటి ముందు నుంచి రాత్రనక పగలనక చెరుకు బండ్లు బోధన్ చక్కెర ఫ్యాక్టరీ వైపు పోతుండేవి. సంక్రాంతి పోయిన వారానికి మోస్రా అవతలి ఊరు ఒకటి నుంచి మాకు పిలుపు వచ్చింది. ఆ ఊరి పేరు చెప్పను. అక్కడ భీమన్న అని ఆసామి. ఆయన కోడలు రేణుకమ్మకు రెండుసార్లు కడుపు పోయింది. రెండోసారి తరువాత ఆ పిల్ల మాట మానేసింది, తిండి మానేసింది. ఎవరో చేశారు, వచ్చి తీయాలని కబురు.

కబురు రాగానే ఇద్దరం పరుగెత్తడం మా పద్ధతి కాదు. ముందు నేను ఒక్కణ్నే వెళ్లేవాణ్ని. తలకు రుమాలు చుట్టి, భుజాన పలుపు వేసుకుని, తప్పిపోయిన కోడెను వెతుక్కునే రైతులా. ఇది బాపు కనిపెట్టిన ఉపాయం. కోడె పోగొట్టుకున్నవాణ్ని చూస్తే రైతుకు ఎక్కడలేని జాలి. ఏ వాకిట్లో నిలబడి "తెల్ల కోడె, నొసట నల్ల మచ్చ, ఇటుదిక్కు రాలే గద?" అన్నా నీళ్లిస్తారు, కూర్చోమంటారు, అడగకుండానే ఊరి గుట్టంతా చెబుతారు. మా ఇంట్లో కోడె ఎన్నడూ లేదు. లేని కోడెను నేను ముప్పై ఊళ్లలో వెతికాను.

భీమన్న సంగతి మధ్యాహ్నానికే తెలిసిపోయింది. నిజాంసాగర్ కాలువ నీళ్లు ఆయన చెరుకు మడిలోకి రావాలంటే పైన ఉన్న ముప్పావు ఎకరం దాటి రావాలి. ఆ ముప్పావు ఎకరం ఈరవ్వ అనే ముసలమ్మది. మొగుడు లేడు, పిల్లలు లేరు. అమ్మమని ఆయన నాలుగేళ్లుగా అడుగుతున్నాడు, ఆమె ఇవ్వనంటోంది. కోడలి కడుపు పోయినప్పటి నుంచి ఆయన ఈరవ్వ ఎదురొస్తే తల తిప్పుకుపోతున్నాడట.

ఆమెను కూడా చూసొద్దామని పొలానికి వెళ్లాను. గుడిసె ముందు కూర్చుని చెరుకు గడను ముందు పళ్లతో చీలుస్తోంది. అరవై దాటిన మనిషి.

"ఏం పండ్లే పెద్దవ్వా నీయి!" అన్నాను.

"పొలమేమో మొగనిది. పండ్లు మాత్రం నాయి," అని నవ్వి, "ఎవరు బిడ్డా నువ్వు, ఏడికెల్లి?" అంది.

నా కోడె కథ చెప్పాను. ఆమె చెరుకు గడ కింద పడేసి లేచింది. ముందు జొన్నరొట్టె, పచ్చిమిరపకారం పెట్టింది. తిన్నంతసేపూ ఎదురుగా కూర్చుని కోడెకు ఎన్నేళ్లు, ఎన్ని పళ్లు వేసింది, మెత్తనిదా పొగరుబోతుదా అని అడిగింది, నేను తడబడుతూ ఏదో చెప్పాను. తిన్నాక నన్ను వదల్లేదు.

"చెరుకుల సొచ్చిందేమో, పా సూద్దాం."

"వద్దు పెద్దవ్వా, ఆకు కోస్తది."

"కొయ్యనీ. పశువు పోతే ఇంట్ల మనిషి పోయినట్టు గాదా?"

గంటసేపు ఆ చెరుకు తోటల్లో తిరిగాం. ఆమె ముందు, నేను వెనక. ఆమె "హోయ్, హోయ్" అని పిలుస్తోంది. ఆకులు కోసి ఆమె ముంజేతుల మీద రక్తపు గీతలు తేలాయి. లేని కోడె కోసం ఆమె అలా పిలుస్తుంటే నేనూ గొంతు కలిపాను. దొరికితే ఇటు తోలుకురమ్మని, ఒకసారి చూస్తానని చెప్పి పంపింది.

ఇంటికి వచ్చి అన్నీ బాపుకు అప్పజెప్పాను. ఆయన బీడీ ముట్టించుకుని విన్నాడు.

"గట్లయితే ఈరవ్వనే," అన్నాడు.

"ఆమె ఏం చేసింది బాపూ? ఆ పిల్లకు మందు కావాలె. నిజామాబాద్ దవాఖానకు కొంచవొమ్మందాం."

"దవాఖాన తొవ్వ చెప్పెటందుకు పిలిచిండ్రారా మనల? పేరు ఇంటాయన మనసుల ముందుగాల్నే ఉంటది. మనం దాన్ని బయటికి తీసి ఆయన చేతుల పెడ్తం. గంతే మన పని."

అవ్వ చూరు కింద నుంచి అందుకుంది. "రెండు బుక్కల రొట్టె తినంగనే కరిగిపాయె నీ కొడుకు. ఇంకింత కూర ఏసుంటే ఆడనే ఉంటుండె."

ఇద్దరూ నవ్వారు. అంతకుముందు మేం ఎన్నో పేర్లు చెప్పాం. ఆ మనుషులు ఏమయ్యారో నేను ఎన్నడూ వెనక్కి తిరిగి చూడలేదు. పేరు చెప్పగానే మేం బండి ఎక్కేవాళ్లం. వాళ్లను జరిమానా వేసి వదిలేస్తారని, మహా అయితే కొన్నాళ్లు ఊరు విడిచిపోతారని బాపు చెప్పేవాడు. నమ్మడం నాకు సులువు, నమ్మాను.

నాలుగో రోజు పట్టపగలు భీమన్న వాకిట్లో ముగ్గు పడింది. ఇంటికొకరు రావాలని, రానివాళ్లే దోషులని ముందురోజు డప్పు వేయించారు. వాకిలి నిండిపోయింది. ఎండుమిరపకాయలు, వెంట్రుకలు కలిపి నిప్పుల్లో వేశారు. ఆ కంపుకు అందరి కళ్లూ ఎర్రబడ్డాయి. నా ముఖం నిండా పసుపు, బూడిద. జుట్టు విరబోసుకున్నాను. మొన్నటి కోడె రైతును ఎవరూ గుర్తుపట్టలేదు.

అరుగు మీద ఇత్తడి చెంబు పక్కన ఒక గుడ్డ పరిచి ఉంది. దాని మీద పటకారు.

"బాపూ, గదెందుకు?" అని చెవిలో అడిగాను.

భీమన్నకు వినబడింది. ఆయనే చెప్పాడు. "ముందటి పండ్లు లేకుంటే మంత్రం పలుకదు. చేసినోళ్ల నోరు కట్టాలంటే పీకుడే. పోయినేడు మా మేనమామ ఊర్ల గట్లనే చేసిండ్రు. మల్ల ఏ గొడ్డుకూ ఏం గాలే."

నేను బాపు ముఖం చూశాను. ఆయనకు అది కొత్త సంగతి కాదని ఆ ముఖమే చెప్పింది.

"మనకెందుకురా? పేరు చెప్పి ఎల్లిపోతం," అన్నాడు మెల్లగా.

రేణుకమ్మను తెచ్చి కూర్చోబెట్టారు. పద్దెనిమిదేళ్లు ఉంటాయేమో. కళ్లు ఎటో ఉన్నాయి. ఆమె మణికట్టుకూ నా మణికట్టుకూ దారం కట్టి, మధ్యలో రెండు వేళ్లతో పట్టుకుని బాపు లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ చెప్పే మాటే గట్టిగా చెప్పాడు.

"ఇనుండ్రి. దారం దాటొచ్చిన మాట దేవుడు గూడ మార్చలేడు. ఎవరి పేరొస్తే వాళ్లే. తోడబుట్టినోళ్లైనా సరే, కన్నోళ్లైనా సరే. ఒప్పుకుంటరా?"

"ఒప్పుకుంటం," అన్నారు అందరూ. భీమన్న అందరికంటే ముందు అన్నాడు.

ఈరవ్వ మొదటి వరసలోనే కూర్చుంది. ఆమెకు ఏ అనుమానమూ లేదనుకున్నాను. చెరుకు ఆకు గీతలు ముంజేతుల మీద ఇంకా మానలేదు. నేను ఊగడం మొదలుపెట్టాను. తొక్క నమిలాను. నురగ గడ్డం మీదికి కారింది. బాపు ఒకసారి అడిగాడు, "ఎవరు చేసిండ్రు?" నేను మూలిగాను. రెండోసారి అడిగాడు. మళ్లీ మూలిగాను. మూడోసారి అడిగినప్పుడు పేరు చెప్పాలి. అది లెక్క.

డప్పు మోగుతోంది. ఈరవ్వ ముందుకు వంగి నా కళ్లలోకి చూసింది. గుర్తుపట్టింది. ఇంకెవరికీ వినబడకుండా, ఇరుగుపొరుగువాణ్ని పలకరించినట్టు అడిగింది.

"బిడ్డా, నీ కోడె దొరికిందా?"

బాపు మూడోసారి అడిగాడు.

"కాశయ్య," అన్నాను.

డప్పు ఆగిపోయింది. భీమన్న నోరు తెరిచి, "ఏ కాశయ్య?" అన్నాడు.

"దారం పట్టుకున్నోడు. పెట్టింది వాడే, తీస్తనన్నది వాడే."

వెనక నుంచి ఎవరో "నేను ముందుగాల్నే అనుకున్న" అన్నారు. ఆ ఒక్క మాటతో వాకిలంతా ముందుగానే అనుకుంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఇన్నేళ్లూ మేం బతికాం. విన్నవాళ్లకు ఎవరి పేరైనా ఒకటేనని ఆ రోజు చూశాను. భీమన్నకు మాత్రం ముఖం మాడిపోయింది. ఆయనకు కావలసిన పేరు రాలేదు. కానీ ఊరంతా విన్నది. పైగా తెప్పించిన పటకారును ఉత్తగా లోపలికి తీసుకుపోవడం ఆయనకు నామోషీ.

బాపు నా ముఖం చూశాడు. నా బుగ్గను చూశాడు. "వాని నోరు తెరిచి సూడుండ్రి" అని ఒక్క మాట అంటే ఆయన బయటపడేవాడు. అనలేదు. దారం వదిలేసి, తలరుమాలు తీసి మడత పెట్టి అరుగు మీద ఉంచి, కింద కూర్చున్నాడు.

ఇద్దరు జీతగాళ్లు పట్టుకున్నారు. పై వరస ముందు పళ్లు, కింది వరస ముందు పళ్లు. నేను ఊగుతూనే ఉన్నాను. ఆగితే నేను మామూలు మనిషినని తెలిసిపోతుంది కదా! కన్నతండ్రి గొంతు పక్కనే ఆవులా అరుస్తుంటే నేను నడుము తిప్పుతూ, తొక్క నములుతూ, నురగ కక్కుతూ ఊగాను. మెడ కాదు, నడుమే. అవ్వ నేర్పిన పద్ధతిలోనే. ఇంతకంటే హీనమైన పని నేను ఆ తరువాత చేయలేదు, ఇంకెవరూ చేయగా చూడలేదు.

అది ముగిసేసరికి రేణుకమ్మ తన చేతి దారం తనే విప్పుకుని లేచి ఇంట్లోకి వెళ్లిపోయింది. ఆ రక్తం చూసి తట్టుకోలేకపోయి ఉంటుంది, లేకపోతే విసుగు పుట్టి ఉంటుంది. సాయంత్రం నాలుగు మెతుకులు తిన్నదట. ఇంకేం, ఊరికి నమ్మకం కుదిరింది.

బండిలో బాపు రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని పడుకున్నాడు. రోడ్డు నిండా చెరుకు బండ్లు, మా బండి కదలదు. ఇంటికి చేరాక అవ్వ రుమాలు తీసి చూసి గోడకు చేరగిలబడింది. ఎవడు చేశాడని అరిచింది. బాపు చేత్తో సైగ చేశాడు, బండి మీంచి పడ్డానని. రెండు రోజులకే అసలు సంగతి ఊళ్లోకి వచ్చింది. ఆ రోజు నుంచి అవ్వ నాతో మాట మానేసింది. కంచం నా ముందు పెట్టి ముఖం తిప్పుకునేది. అది న్యాయమే అనుకున్నాను.

పుండ్లు ఆరి బాపుకు మాట రావడానికి ఇరవై రోజులు పట్టింది. మాటలు చిగుళ్ల మీంచి జారిపోయేవి. ఇక్కడ సరిచేసి రాస్తున్నాను. ఆయనకు అంబలి కలిపి ఇస్తూ అడిగాను.

"నిజం ఎందుకు చెప్పలే బాపూ? నా నోట్ల తొక్క తీసి సూపిస్తే అయిపోతుండె గద."

"సూపిస్తే నీ నోరు గూడ తెరిపిస్తుండ్రి," అన్నాడు. "నేనంటె బతికి ముసలోన్నైన. నువ్వు ఇంక తినాల్సినోనివి."

ఆయన అక్కడితో ఆగి ఉంటే కాళ్ల మీద పడేవాణ్ని, జన్మంతా ఆయన చెప్పినట్టు వినేవాణ్నేమో. ఆగలేదు. అంబలి తాగి మూతి తుడుచుకుని, నా వీపు మీద చెయ్యి వేశాడు.

"మంచిగ చేసినవ్ కొడుకా. నాకే తట్టలే ఇన్నేండ్లు. కన్నతండ్రిని గూడ ఇడువలే అని సుట్టు పదూర్లు నిన్నే అంటున్నరు. ఇగ నీ మాటకు తిరుగు లేదు. నేను దారం పడ్త, నువ్వు చెప్పు."

నేను ఆ చేయి తీసేశాను. ఒళ్లంతా జెర్రి పాకినట్టు అనిపించింది. ఆయన నన్ను క్షమించలేదు, తిట్టలేదు. నేను ఆ రోజు చేసినదంతా పనితనం అనుకున్నాడు. నా జీవితంలో ఒక్కసారి ఎదురు తిరిగితే, అది కూడా ఆయన దుకాణంలో సరుకైపోయింది.

ఆయన అన్నట్టే జనం రావడం మొదలైంది. చందూరు నుంచి, వర్ని నుంచి, బోధన్ గల్లీల నుంచి. కోళ్లు, బియ్యం, పసుపు కొమ్ములు పట్టుకుని వాకిట్లో కూర్చునేవారు. నేను పెరటి దారిన చెరుకు నరికే మరాఠీ గుంపు దగ్గరికి పోయి కూర్చునేవాణ్ని. ఒళ్లు బాగా లేదని చెప్పి బాపు వాళ్లను మరుసటి వారం రమ్మనేవాడు. ఒక్కరిని కూడా ఊరికే పంపలేదు.

శివరాత్రి దాటిన తరువాత ఒక మధ్యాహ్నం ఈరవ్వ వచ్చింది. సంకలో కోడిపెట్ట ఉంది. ఆమెను చూసి నేను పారిపోలేదు. నిజం చెప్పదగిన మనిషి ఒక్కతే ఉంటే ఈమేనని ఎదురెళ్లాను. చేసిన పాపం చెబితే పోతుందంటారు.

"పెద్దవ్వా, ఆనాడు నాకు ఏ పూనకం రాలే. గదంత ఏషం. కోడె గూడ అబద్దం. నీ పేరు చెప్పెటందుకే వచ్చినం."

ఆమె కోడిపెట్టను కింద దించింది.

"నాకెర్కనే బిడ్డా," అంది. "పండ్లెన్ని, వయసెంత అని కోడెను గురించి అడిగితే నువ్వు తొట్రుపడ్డవు. కోడెను సాకినోడు గట్ల తొట్రుపడడు. ఎర్కుండే నీ ఎంబడి తిరిగిన. గా పటకారు నాకోసమని గూడ నాకెర్కనే."

"మరి?"

"మరేంది? రేణుకమ్మకు మల్ల కడుపొచ్చింది. గీసారి గూడ పోతె నా మీదికే వస్తరు. అందుకని ముందుగాల్నే నువ్వు దాని పేరు చెప్పు. నా బర్రె పాలిస్తలేదు, అదే చేసిందని చెప్పు. నీ మాట ఊరు ఇంటది."

"ఆ పిల్ల ఏం చేసింది పెద్దవ్వా?"

"ఏం చెయ్యలే. నేనేం చేసిన?" అంది. ఆమె గొంతులో కోపం లేదు. "ఎవరిదో ఒకరిది పోవాలె గద బిడ్డా. దానిది పోతె నాది ఉంటది."

వాకిట్లో ఉన్నవాళ్లంతా మా వైపే చూస్తున్నారు. బాపు తడి దారం పట్టుకుని వచ్చి ఈరవ్వను పీట మీద కూర్చోమన్నాడు. ఆమె కూర్చుని చేయి చాపింది. ఆయన ఒక కొస కట్టి రెండో కొస నా వైపు పట్టుకున్నాడు.

"నేను చెప్ప," అన్నాను. "ఇగ ఎన్నడూ చెప్ప."

బాపు బతిమాలలేదు. నేను ఒప్పుకోనని ఆయనకు ముందే తెలిసినట్టుంది. దారం కొస పట్టుకుని గడప వైపు తిరిగాడు. అవ్వ అక్కడ నిలబడి ఉంది. చేతులు కొంగుకు తుడుచుకుని, జుట్టు ముడి విప్పుకుంటూ వచ్చి ఈరవ్వ ఎదురుగా కూర్చుంది. తన మణికట్టు తనే చాపింది. నెల రోజులకు పైగా నాతో మాట్లాడని మనిషి అప్పుడు నా ముఖంలోకి చూసి మాట్లాడింది.

"నువ్వు పో," అంది. "నాకు అంత ఎర్కే."

ఆమె బుగ్గలో అప్పటికే తొక్క ఉంది, ఉబ్బెత్తుగా కనబడుతోంది. నేను వాకిలి దాటి రోడ్డు మీదికి వచ్చాను. వెనక బాపు మొదటిసారి అడిగాడు, అవ్వ మూలిగింది. రెండోసారి అడిగాడు. చెరుకు బండ్ల పక్కన నేను గబగబా నడిచాను. మూడోసారి అడిగింది నా చెవిన పడకుండా పోవాలని దాదాపు పరుగెత్తాను. ఆగి ఉంటే ఆపగలిగేవాణ్నేమో. మరాఠీ గుంపుతో కలిసి మిగిలిన సీజనంతా చెరుకు నరికాను, తరువాత ఇంటికి పోలేదు. రేణుకమ్మ ఏమైందో నేను ఎవరినీ అడగలేదు.